వంత పాడటం అంత చిన్న పనేం కాదు

మూడేళ్ల కిందట బతుకమ్మ పండుగకు దేవరకొండ వైపు మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లాను. ఊళ్లో బోరు మోటరు కాలిపోయి వారం దాటింది. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది, అదీ బస్సు రోడ్డు పక్కనున్న వాడకే. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం గుడి ముందర ఆడవాళ్లంతా గుండ్రంగా తిరుగుతున్నారు. పాట ఎత్తుకున్నది మా పెద్దమ్మ. ఏదో పాత కథ సగం దాకా పాడి, ఉన్నట్టుండి దారి మళ్లించింది.

మోటరు కాలింది ఉయ్యాలో – మొన్న సోమారం ఉయ్యాలో
బిందెలెండినయి ఉయ్యాలో – బొండిగెలెండినయి ఉయ్యాలో
పెద్దమనుషులొచ్చి ఉయ్యాలో – పువ్వులే జూసిరి ఉయ్యాలో

మూడో వరుసకు వంత అందుకున్నవాళ్లకు నవ్వు ఆగలేదు. ఎందుకంటే ఆ పెద్దమనుషులు పది అడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్లూ నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, పండుగ పూట? మూడో రోజు మోటరు బాగైంది. పాట వల్లే బాగైందా, ఎలాగూ ఆ రోజుకు బాగయ్యేదేనా అని నన్ను అడగకండి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పాటతో ఏమన్నా మారుతుందా అంటే మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులు ఉన్నాయి. సభల్లో అయితే "పాటే తెలంగాణ తెచ్చింది" అంటారు. టీ కొట్టు దగ్గరైతే "పాటలతో కడుపు నిండుతదా" అంటారు. ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి అనడం కూడా విన్నాను. నల్లగొండ, పాలమూరు జిల్లాలు పాటగాళ్లకు పెట్టింది పేరు కాబట్టి ఇక్కడి పాటలనే ముందు పెట్టుకుని, పాట చేసే పని ఏది, చెయ్యలేని పని ఏది అని చూద్దాం.

ముందు ఆ బతుకమ్మ దగ్గరే ఇంకాసేపు ఆగాలి. పాట ఎత్తుకునే మనిషి అర వరుస అంటుంది. మిగతావాళ్లు "ఉయ్యాలో" అంటారు. ఆ ఉయ్యాలోకు పట్టేది క్షణమో రెండు క్షణాలో. ఆ సందులోనే ఎత్తుకున్న మనిషి తర్వాతి మాట వెతుక్కుంటుంది. అంటే వంత అలంకారం కాదు, పాట కట్టే మనిషికి దొరికే టైమ్. చదువు రాని మనిషి నిలబడిన చోటే అరగంట పాట కట్టగలగడం వెనకున్న కిటుకు ఇదే. రెండోది, ఒక్కరు అన్న మాటను అరవై మంది తిరిగి అంటారు కాబట్టి ఫిర్యాదు ఎవరిదో చెప్పలేం. పెద్దమ్మ ఒక్కతే కుర్చీల దగ్గరికి వెళ్లి ఇదే మాట అంటే "నీకెందుకు ముసలమ్మా" అని ఉండేవాళ్లు. మూడోది, బాణీ అందరికీ ముందే తెలుసు. ప్రాక్టీసు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు.

మన ప్రజా వాగ్గేయకారులు చేసిన తెలివైన పని ఈ ఏర్పాటును ఉన్నది ఉన్నట్టు వాడుకోవడం. మోత్కూరు వైపు సుద్దాలకు చెందిన హనుమంతు వెట్టిచాకిరి మీద, దొరల మీద చెప్పడానికి కొత్త కళ కనిపెట్టలేదు. గొల్లసుద్దులు తీసుకున్నారు, యక్షగానం తీసుకున్నారు. గొంగడి భుజాన వేసుకుని కథ చెప్పే మనిషి ఊరికి కొత్త కాదు. రాత్రిపూట అలాంటి వాళ్ల చుట్టూ చేరడం జనానికి అలవాటే. ఆ అలవాటులోకి సంగం (ఊళ్లలో ఆంధ్ర మహాసభను అలా అనేవాళ్లు) మాటలు వచ్చి కూర్చున్నాయి. పాత బాణీలో కొత్త మాటలు పెడితే కాపీ అనేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు నాట్ల దగ్గర పాట వినిపించాలి, అక్కడ కొత్త బాణీ ఎత్తుకుంటే వంత రాదు.

అయితే బాణీ, వంత అన్ని పాటలకూ ఉంటాయి. పెళ్లి పాటకూ ఉంటాయి, భజనకూ ఉంటాయి. మరి మార్పు పాట ప్రత్యేకంగా ఏం చేస్తుంది? నా లెక్కలో అది అన్నిటికంటే ముందు పిలుపును మారుస్తుంది. ఎవరు ఎవరిని ఏమని పిలవచ్చో, ఆ లెక్కను తలకిందులు చేస్తుంది.

1940ల నల్లగొండ పల్లెను తలుచుకోండి. దొర గడీ ముందు నుంచి పోతుంటే చెప్పులు చేత పట్టుకోవాలి. నోట్లోంచి వచ్చే మాట "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త". ఆ మాటలోనే తాను ఎవరో, ఎదుటివాడు ఎవరో తేలిపోతుంది. ఇప్పుడు బండి యాదగిరి పాట వినండి. బండెనక బండి కట్టి, పదహారు బండ్లు కట్టి, ఏ బండిలో వస్తావు అని అడిగి, చివరకు ఏమంటాడు? "నైజాము సర్కరోడా" అంటాడు. సర్కారు అన్న మాటకు "ఓడా" తగిలించాడు! తెలుగులో ఆ ఒక్క ప్రత్యయం ఎంత పని చేస్తుందో పరాయి భాషవాళ్లకు చెప్పడం కష్టం. ఏడో నిజామంటే ఆ రోజుల్లో ప్రపంచంలోనే అందరికంటే ధనవంతుడని పేరు. ఆయన్ను పల్లెటూరి పాటగాడు "ఓరి, ఎట్లొస్తవో రా చూస్తం" అన్నట్టు పిలిచాడు. ఇక్కడ వంత విలువ తెలుస్తుంది. పాట ఎత్తుకున్నవాడు ధైర్యవంతుడే కావచ్చు, వంత పాడేవాళ్లలో పిరికివాళ్లూ ఉంటారు. కానీ పాటలో కలిసినవాడు "ఓడా" అనకుండా తప్పించుకోలేడు. ఒకసారి అన్నాక, రెండోసారి "బాంచెన్" అనడానికి నాలుక కొంచెం తడబడుతుంది. సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా సాగింది. అందులో తుపాకులు, ధాన్యం లెక్కలు, భూముల పంపకం, జైళ్లు, చావులు అన్నీ ఉన్నాయి. నైజాం పాలన పోయింది 1948 సెప్టెంబరులో సైన్యం దిగాక. పాట నైజామును దించలేదు. దించొచ్చు అన్న మాటను మాత్రం నోటికి అలవాటు చేసింది.

సుద్దాల హనుమంతు ఇదే పనిని ఇంకో వైపు నుంచి చేశారు. పల్లెటూరి పిల్లగాణ్ణి, దొర దగ్గర జీతమున్న పసివాణ్ణి పట్టుకుని "పసులగాసే మొనగాడా" అన్నారు. ఊరంతా ఒరేయ్ అని పిలిచే పిల్లవాడు వాడు. వాణ్ణి మొనగాడా అని పిలిచిన మనిషి అంతకుముందు ఉండి ఉండడు. పిలిచి ఉపన్యాసం ఏమైనా ఇచ్చారా? లేదు. పాలు మరచి ఎన్నాళ్లయిందో అని అడిగారు. కొలువు కుదిరి ఎన్నాళ్లయిందో అని అడిగారు. చూడండి, ఈ రెండు ప్రశ్నలకు మధ్య గడువు ఎంత తక్కువో! తల్లి పాలు మరవడం, జీతానికి కుదరడం దాదాపు ఒకే ఏడాది అన్నట్టు వినబడుతుంది. దోపిడీ అన్న మాట ఎత్తకుండానే విషయం మొత్తం చెప్పిన పాట ఇది. నాకు తెలిసి ఈ జిల్లాలో పుట్టిన పాటల్లో దీన్ని మించింది లేదు. ఎవరైనా వాదానికి వస్తే రానీ.

ఒకడు పైవాణ్ణి కిందికి దించాడు, ఇంకొకరు కిందివాణ్ణి పైకి ఎత్తారు. ఈ రెండు పాటలూ 'మా భూమి' సినిమాతో మళ్లీ ఊరూరా తిరిగాయి. ముఖ్యంగా బండెనక బండి గద్దర్ గొంతులో విన్న తరానికి, అది గద్దర్ పాటే అనిపిస్తుంది. రాసినవాడి పేరు జారిపోవడం ఇలాంటి పాటల తలరాత. నైజాము స్థానంలో ఎవరెవరి పేర్లో పెట్టి పాడుకున్నారు కూడా. ఖాళీ ఉంది కాబట్టి పట్టింది.

సారా వ్యతిరేక ఉద్యమం అప్పుడు కూడా ఇలాగే పిలుపు మారింది. అది నెల్లూరు జిల్లాలో మొదలై అన్ని జిల్లాలకూ పాకింది. మా వైపు రాత్రి బడుల్లో, సంఘం మీటింగుల్లో ఆడవాళ్లు పాడిన పాటల్లో తాగుబోతు మొగుణ్ణి నేరుగా నువ్వు అని నిలదీయడం ఉండేది. మొగుడి పేరు కూడా నోటితో పలకని ఆడవాళ్లు వాళ్లు. "మా ఇంటాయన" దగ్గర్నుంచి "ఓ మొగుడా" దాకా రావడం చిన్న ప్రయాణం కాదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధమూ వచ్చింది. 1997కల్లా అది ఎత్తేశారు, ఖజానాకు డబ్బు కావాలి మరి. జీవోను ఇంకో జీవోతో కొట్టేయొచ్చు. ఇంట్లో ఒకసారి మారిన పిలుపును కొట్టేయడానికి మాత్రం ఏ జీవో లేదు. కొన్ని ఇళ్లల్లోనైనా ఆ పిలుపు మారిందని మా అమ్మ తరం వాళ్లను చూస్తే నాకు అనిపిస్తుంది.

దీనికి కట్టాల్సిన ధర ఒకటుంది. వంత మధ్యలో ఉన్నంతసేపు మనిషికి రక్షణ. స్టేజి ఎక్కి మైకు పట్టుకుంటే ముఖం తెలుస్తుంది, ఇల్లు తెలుస్తుంది. భువనగిరిలో బెల్లి లలిత స్పిన్నింగు మిల్లు కార్మికురాలు. కార్మిక సంఘంలో పనిచేస్తూ పాటకు వచ్చింది. 1997 తర్వాత మలి దశ ఉద్యమ సభలు మొదలైనప్పుడు తెలంగాణ కళా సమితి వేదికల మీద ఆమె గొంతు జనాన్ని లాక్కొచ్చేది. తాగునీళ్ల గురించి, మద్యం గురించి, తెలంగాణ గురించి పాడేది. 1999 మే నెలలో ఆమెను చంపి, శరీరాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పడేశారు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. పాట వల్ల ఏమీ కాదనేవాళ్లు ఈ హత్య దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఏమీ కాని దాని కోసం ఎవరూ అంత పని పెట్టుకోరు.

దొర కనపడతాడు, గడీ కనపడుతుంది. ఎదురుగా ఉన్నవాడికి "ఓడా" తగిలించడం తేలిక అనను కానీ, ఎవరికి తగిలించాలో తెలుసు. 1990ల తర్వాత పల్లెకు వచ్చిన కష్టానికి ముఖం లేదు. కుమ్మరి ఆవం ఆరిపోతుంది, సాలె మగ్గం మూలపడుతుంది, కమ్మరి కొలిమి చల్లబడుతుంది. ఎవరు చేశారు? ప్లాస్టిక్ బిందె చేసిందా, మిల్లు బట్ట చేసిందా, ఎక్కడో జరిగిన ఒప్పందం చేసిందా? పాలమూరు జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటలో ఈ చిక్కును "కనిపించని కుట్రల" అన్న రెండు మాటల్లో పట్టుకున్నారు. 2002లో వచ్చిన 'కుబుసం' సినిమాలో ఉన్న ఆ పాటలో తిట్టడానికి మనిషి లేడు. అందుకే పల్లెనే మనిషిని చేసి ఏడిపించారు, ఒక్కో కులవృత్తి ఎలా ఖాళీ అయిందో వరసగా లెక్క చెప్పారు. విన్నవాడు తన ఇంటి వృత్తి ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కిస్తాడు. వచ్చాక, తన కష్టం తన చేతగానితనం వల్ల కాదని మొదటిసారి అర్థమవుతుంది. 2004లో ప్రభుత్వం మారడానికి ఆ పాట కారణమని అనేవాళ్లున్నారు. నేనైతే అంత దూరం పోను. కరువు ఉంది, కరెంటు బిల్లులున్నాయి, అప్పులున్నాయి. ఆ మూడింటినీ ఒకే దారంతో కట్టింది పాట అంటే మాత్రం ఒప్పుకుంటాను.

ఫ్లోరైడు కథ దీనికంటే కష్టం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు భూమి అడుగున ఉన్న రాతిలోనే ఫ్లోరైడు ఉంది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని లెక్క. ఎన్నో బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్లు గారపట్టేవి, ఎముకలు వంకరపోయేవి. ఇక్కడ శత్రువు బండరాయి. బండరాయిని ఏమని తిట్టాలి? ఊళ్లో కొందరు శాపం అనుకున్నారు, కొందరు తలరాత అనుకున్నారు. నల్లగొండ గుండె మీద ఫ్లోరైడు బండ ఉందని పాట కట్టింది కేసీఆర్, ఉద్యమ కాలంలో. ఆ పాట చేసిన పని శాపాన్ని లెక్కలోకి మార్చడం. నీళ్లు ఉన్నాయి, కృష్ణ పక్కనే పారుతోంది, మనకు రావట్లేదు అంతే, అని చెప్పడం. ఆ తర్వాత రాసినాయనే ముఖ్యమంత్రి అయ్యారు, చౌటుప్పల్‌లో 2015లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, పైపులొచ్చాయి. పైపులు వేసింది ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, అప్పు తెచ్చిన డబ్బు. అప్పటికే వంగిన ఎముక నల్లా నీళ్లతో తిన్నగా కాదు. దాని మీద ఇప్పుడు ఎవరూ పెద్దగా పాట కట్టట్లేదు.

ఎందుకు కట్టట్లేదు? ఇక్కడే "వంత పాడటం" అన్న మాట రెండో అర్థం గుర్తొస్తుంది. ఫలానావాడు ఎమ్మెల్యేకు వంత పాడుతున్నాడు అంటే మెచ్చుకోలు కాదు కదా. ఒకే మాటను మన భాష ఇటు కూడిపాటకూ, అటు భజనకూ వాడింది. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చింది. నాకు ఆ జీతం మీద అసూయ లేదు. బస్సు చార్జీలు కూడా లేకుండా పదిహేనేళ్లు ఊళ్లు తిరిగి గొంతులు పోగొట్టుకున్నవాళ్లకు నెల జీతం రావడంలో తప్పేముంది? చిక్కు వేరే దగ్గర ఉంది. జీతం తీసుకునే గొంతు పథకాల గురించి పాడాలి. ఒకసారి మండల కేంద్రంలో అలాంటి ప్రోగ్రాం చూశాను. డప్పు బ్రహ్మాండంగా ఉంది, గజ్జెలు ఘల్లుమంటున్నాయి, పాడే అమ్మాయి గొంతు ఒళ్లు జలదరించేలా ఉంది. జనం మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. వంత కూడా స్టేజి మీదున్న వాళ్లే పాడుకున్నారు. పాటలో జనం పెట్టుకోవడానికి ఖాళీ లేదు, "ఓడా" అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. అయిపోయాక చప్పట్లు కొట్టి టిఫిన్ పొట్లాలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను, పులిహోర బాగుంది.

అందరినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. గోరటి వెంకన్న 2020లో ఎమ్మెల్సీ అయ్యారు, మరుసటి ఏడాది 'వల్లంకి తాళం'కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పదవి వచ్చాక పదును తగ్గిందని కొందరంటారు, పిట్టల మీద, చెట్ల మీద పాడటం కూడా రాజకీయమేనని ఇంకొందరంటారు. ఆలేరు బిడ్డ విమలక్క జీతం వైపు పోకుండా బహుజన బతుకమ్మ అని ఏటా ఊళ్లు తిరుగుతున్నారు. ఎవరి దారి వాళ్లది. నా పట్టింపు ఒక్కటే, పాడిన తర్వాత జనం నోట ఏం మిగిలింది అన్నది.

అవార్డుల మాట వచ్చింది కాబట్టి కిన్నెర మొగులయ్య సంగతి చెప్పాలి. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగలు, పన్నెండు మెట్లు, ఇదీ ఆయన వాయిద్యం. నల్లమల అంచున లింగాల వైపు మనిషి. పేదల కోసం ఉన్నోళ్లను కొట్టాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథను తరతరాలుగా మోసుకొచ్చింది అలాంటి కిన్నెరలే. 2021లో ఒక పెద్ద సినిమా పాటతో రాష్ట్రమంతా ఆయన గొంతు విన్నది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనిలో ఉన్న వీడియో వార్తల్లో తిరిగింది. పద్మశ్రీ పాటగాడికి వస్తుంది. ఒకప్పుడు ఊళ్లో కథ చెప్పించుకుని గింజలు పోసిన ఇళ్లు మాత్రం తిరిగి రావు. వినేవాళ్లే పోషించే ఆ ఏర్పాటు కూలిపోయి చాలా కాలమైంది. దాని స్థానంలో వచ్చినవి రెండు, ప్రభుత్వం, యూట్యూబు.

యూట్యూబు సంగతి ఇంకో చిక్కుముడి. నాకు తెలిసిన ఒక కుర్రాడు, ఐటీఐ చదివి వైరింగు పని చేసుకుంటాడు, వలస మీద పాట కట్టాడు. పాలమూరు లేబర్ అని మనవాళ్లకు దేశమంతా పేరు కదా, డ్యాములు కట్టినా, కాలువలు తవ్వినా. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె పోయిన తండ్రి, ఇంటి దగ్గర ముసలమ్మతో మిగిలిన పిల్ల, ఇదీ పాట. బాణీ వాళ్ల నాయనమ్మ నాట్లప్పుడు పాడేది. అప్‌లోడ్ చేసిన నాలుగో రోజు కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఒక కంపెనీ అదే బాణీ మీద డీజే పాట చేసి తన పేరున నమోదు చేసుకుందట. "మా నాయనమ్మ మీద కేసెయ్యమనన్నా" అన్నాడు నవ్వుతూ, కానీ వీడియోకు వచ్చే ఆ కాస్త డబ్బూ అటు పోయింది.

చట్టం ప్రకారం మన దేశంలో రచన మీద హక్కు రాసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. సుద్దాల హనుమంతు 1982లో పోయారు, అంటే ఆయన రాసిన మాటల మీద హక్కు 2042 దాకా వారసులదే. మంచిదే. కానీ నాట్ల బాణీకి కవి లేడు, పుట్టిన తేదీ లేదు, చచ్చిన తేదీ అసలే లేదు. ఎవరిదీ కానిది అందరిదీ అవుతుందని మనం అనుకుంటాం. కంప్యూటరు మాత్రం మొదట నమోదు చేసినవాడిది అనుకుంటుంది. పేరు పోగొట్టుకుని ఊరిదైపోవడమే ఇన్నాళ్లూ ఈ పాటల బలం. ఇప్పుడు పేరు లేకపోవడమే కొంప ముంచుతోంది. ఆ కుర్రాడికి నేను చెప్పిన సలహా ఒకటే, మాటలు నీవేనని తేదీతో సహా ఎక్కడన్నా రాసి పెట్టుకో, బాణీ సంప్రదాయమని వివరణలో వేసి క్లెయిముకు అభ్యంతరం పెట్టు. పెట్టాడు. ఇంకా తేలలేదు.

బతుకమ్మ దగ్గర కూడా ఇప్పుడు డీజే బాక్సులొచ్చాయి. ఎత్తుకునే గొంతూ బాక్సుదే, వంతా బాక్సుదే. ఆడవాళ్లు చప్పట్లు కొట్టుకుంటూ తిరిగితే చాలు. మోటరు సంగతి అందులో ఎక్కడ పెడతారు?

ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు పాడిన మోటరు పాట నాకు మూడు వరుసలే గుర్తున్నాయి, మిగతాది చెప్పు రాసుకుంటా అన్నాను. ఆమె కాసేపు గుర్తు చేసుకోవడానికి చూసింది. "ఏమో బిడ్డా, యాదికి లేదు" అంది. అదేంటి పెద్దమ్మా, అంత బాగా కట్టావు కదా అన్నాను.

"మోటరు బాగైంది గదా, ఇంక ఆ పాటెందుకు?" అని, పిల్లల సంగతులు అడగడం మొదలుపెట్టింది.